సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు: పంపు కొనే ముందు ఇవి చూడండి

ముందుగా ఒక మాట. ట్యాంకులో ఉండే పెట్రోల్ పంపు ఇప్పుడే కొనకండి. ఇప్పటికే కొని ఉంటే డబ్బా విప్పకుండా బిల్లుతో పాటు పక్కన పెట్టండి.

మీరు రాసింది నాకు ఇలా అర్థమైంది. మీ నాన్నగారిది 2006 శాంత్రో జింగ్, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. మే నెలలో ఒక మధ్యాహ్నం తిరుపతి నుంచి చిత్తూరుకు వస్తూ పూతలపట్టు దగ్గర టీకి ఆపారు. పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే సెల్ఫ్ గట్టిగానే తిరిగింది, ఇంజిన్ మాత్రం అందుకోలేదు. ముప్పావు గంట ఆగి తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. ఆ తర్వాత పది రోజుల్లో ఇంకో రెండుసార్లు అలాగే మొండికేసింది. రెండుసార్లూ ఎండలో బాగా తిరిగి ఆపిన తర్వాతే. ఇప్పుడు నాలుగు రోజులుగా పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కూడా కదలడం లేదు. మెకానిక్ వచ్చి ముందు ప్లగ్గులు మార్చాడు, తర్వాత బ్యాటరీ మార్చాడు, ఇప్పుడు "పెట్రోల్ రావడం లేదు, పంపు పోయింది" అంటున్నాడు. ఆర్‌సీ ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకున్నారు, బండి అమ్మే ఆలోచన లేదు, నాన్నకు అదంటే ప్రాణం అన్నారు.

నేను తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు ముప్పై ఏళ్లకు పైగా షెడ్డు నడుపుతున్నాను. అంబాసిడర్లు, పద్మినిలతో పని నేర్చుకుని మారుతి 800, జెన్, శాంత్రోల మీద బతికినవాణ్ణి. మీ వివరాలు చదవగానే నా అనుమానం క్రాంక్ సెన్సార్ మీదికి, అంటే ఇంజిన్ తిరుగుతోందో లేదో కనిపెట్టే చిన్న పార్టు మీదికి పోయింది. వేడి మీద మొండికేసి, చల్లారాక మామూలుగా స్టార్ట్ అయి, కొన్నాళ్లకు పూర్తిగా చచ్చిపోవడం ఆ సెన్సార్ చేసే పనే. అయితే నేనన్నాను కదా అని మీరు వెళ్లి సెన్సార్ కొనేస్తే, మెకానిక్ చేసిన పనికీ నేను చెప్పినదానికీ తేడా ఉండదు. అతను అనుమానం మీద బ్యాటరీ మార్చాడు, నేను అనుమానం మీద సెన్సార్ మార్పించినట్టు అవుతుంది. తేల్చుకునే దారి ఉంది. ఇంట్లోనే, ఒక మల్టీమీటరూ ఒక పాత ప్లగ్గూ ఉంటే చాలావరకు తేలిపోతుంది.

పెట్రోల్ బండి స్టార్ట్ కావాలంటే సిలిండర్‌లోకి పెట్రోల్ రావాలి, దాన్ని నొక్కే కంప్రెషన్ ఉండాలి, సరైన క్షణంలో స్పార్క్ పడాలి. ఇంతవరకు అందరూ చెబుతారు. ఎక్కువమంది పొరపాటు పడేది దీని తర్వాతే. ఈ మూడింటిలో ఏది లేదో కనిపెట్టగానే, దాన్ని ఇచ్చే పార్టు పోయిందనుకుంటారు. పెట్రోల్ రాకపోతే పంపు పోయింది, స్పార్క్ రాకపోతే దాన్ని పుట్టించే కాయిల్ పోయింది అని. కార్బొరేటర్ రోజుల్లో ఈ లెక్క చాలావరకు సరిపోయేది. ఎంపీఎఫ్ఐ బండ్లలో, అంటే కంప్యూటర్ చెప్పినట్టు ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే బండ్లలో, సరిపోదు.

కారణం చెబుతాను. మీ శాంత్రోలో పంపు ఎప్పుడు తిరగాలో, ఇంజెక్టర్ ఎప్పుడు తెరుచుకోవాలో, కాయిల్ ఎప్పుడు స్పార్క్ వెయ్యాలో చెప్పేది ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్. తాళం ఆన్ చేయగానే చాలా బండ్లలో పంపును ఒకటి రెండు సెకన్లు తిప్పి లైనులో ప్రెషర్ నింపి ఆపేస్తుంది. ఆ తర్వాత ఇంజిన్ నిజంగా తిరుగుతోందని తెలిస్తేనే మళ్లీ పంపును తిప్పుతుంది. యాక్సిడెంట్ అయి ఇంజిన్ ఆగిపోయినప్పుడు పంపు పెట్రోల్ తోస్తూనే ఉంటే మంటలు వస్తాయి కాబట్టి అలా కట్టారు. ఇంజిన్ తిరుగుతోందని ఈసీఎంకు చెప్పేది క్రాంక్ సెన్సార్. అది నోరు మూసుకుంటే, సెల్ఫ్ ఎంత గట్టిగా తిరిగినా ఈసీఎం దృష్టిలో ఇంజిన్ ఆగి ఉన్నట్టే. పంపుకు కరెంటు ఇవ్వదు, ఇంజెక్టర్ తెరవదు, కాయిల్‌కు సిగ్నల్ పంపదు. మెకానిక్ పైపు ఊడదీసి, సెల్ఫ్ కొట్టించి చూస్తాడు. పెట్రోల్ రాదు. "పంపు పోయింది" అంటాడు. పంపు బాగానే ఉంది. దానికి తిరగమని చెప్పేవాళ్లు లేరు, అంతే.

ఈ తప్పు నేనూ చేశాను, అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను. ఎంపీఎఫ్ఐ బండ్లు షెడ్డుకు రావడం మొదలైన కొత్తలో చంద్రగిరి నుంచి ఒక స్కూలు మాస్టారు బండిని లాగించుకుని వచ్చారు. పెట్రోల్ రావడం లేదు. ట్యాంకులోంచి పంపు తీసి కొత్తది వేశాను. ఆ సాయంత్రం స్టార్ట్ అయింది. పంపు మార్చే లోపు ఇంజిన్ చల్లారిందని, అందుకే స్టార్ట్ అయిందని నాకు తోచలేదు. వారం తిరక్కుండా మాస్టారు మళ్లీ పాకాల రోడ్డు మీద ఎండలో నిలబడిపోయారు, ఈసారి ఇంట్లో ఆడవాళ్లతో సహా. చివరికి అది సెన్సార్. పంపు డబ్బులు ఆయనకు వెనక్కి ఇచ్చేశాను. ఆ పాత పంపు చాలా ఏళ్లు నా షెడ్డులో టెస్టింగ్‌కు పనికొచ్చింది, ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఇక పనిలోకి వద్దాం. బానెట్ ఎత్తకముందే సగం విషయాలు తెలుస్తాయి. స్టీరింగ్ ముందు కూర్చుని తాళం ఆన్‌లో పెట్టండి, సెల్ఫ్ కొట్టకండి. మీటర్లో చెక్ ఇంజిన్ లైట్ వెలగాలి. అసలు వెలగకపోతే ఈసీఎంకే కరెంటు అందడం లేదని అనుమానించాలి. ఈసీఎంకు కరెంటు కలిపే మెయిన్ రిలే, దాని ఫ్యూజు, ఈసీఎం ఎర్తింగ్ చూసుకోవాలి. కొన్ని మోడళ్లలో తాళం గుర్తుతో ఇమొబిలైజర్ లైట్ ఉంటుంది. అది ఆరకుండా మిణుకుమంటూ ఉంటే బండి మీ తాళాన్ని గుర్తుపట్టడం లేదని అర్థం. ఇంట్లో ఉన్న రెండో తాళంతో ప్రయత్నించండి. మొదటి తాళాన్ని, సెల్‌ఫోన్‌ను, ఇనుప కీచెయిన్లను దూరంగా పెట్టి చూడండి. రెండో తాళంతో స్టార్ట్ అయితే కథ అక్కడితో అయిపోయినట్టే.

అదే సమయంలో ఇంకొకరిని వెనక సీటు మీదికి వంగి చెవి పెట్టి వినమనండి. తాళం ఆన్ చేసిన క్షణంలో సన్నగా "జుయ్" మని ఒకటి రెండు సెకన్లు వినిపిస్తే పంపు ప్రాణంతో ఉన్నట్టే. వినపడకపోతే పోయిందని తీర్మానించకండి. ఆ మొదటి రెండు సెకన్లు తిప్పని బండ్లూ ఉన్నాయి.

పెట్రోల్ ముల్లును నమ్మకండి. వయసైన బండిలో ట్యాంకులో తేలే ఫ్లోటు ఇరుక్కుని పావు ట్యాంకు చూపిస్తూనే ఖాళీ అయిన బండ్లను నేను చాలా చూశాను. నాలుగైదు లీటర్లు పోసి ఆ అనుమానం వదిలించుకోండి. డబ్బు వృథా పోదు, ట్యాంకులోనే ఉంటుంది.

ఇప్పుడు సెల్ఫ్ కొట్టి శబ్దం వినండి. మంచి ఇంజిన్ తిరిగేటప్పుడు ఒక లయ ఉంటుంది, ప్రతి సిలిండర్ నొక్కుకునేటప్పుడు కొంచెం బరువు పడి మళ్లీ వదులవుతుంది. ఆ బరువు లేకుండా మామూలు కన్నా వేగంగా, మిక్సీ తిరిగినట్టు ఒకే రాగంతో తిరిగితే వెంటనే ఆపేయండి. వాల్వులను పిస్టన్లతో లయ కలిపి నడిపే టైమింగ్ బెల్ట్ తెగి ఉండొచ్చు, లేదా పళ్లు జారి ఉండొచ్చు. అలాంటప్పుడు సెల్ఫ్ కొట్టే కొద్దీ, ఇంకా ఘోరంగా బండిని తోసి గేరు వేసే కొద్దీ, కొన్ని ఇంజిన్లలో పిస్టన్ వెళ్లి తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. బెల్ట్ ఖర్చుతో పోయేది హెడ్ దించే ఖర్చు దాకా వెళ్తుంది. అనుమానం ఉంటే ఆయిల్ పోసే మూత తీసి, ఒకరు ఒక్క సెకను సెల్ఫ్ తిప్పుతుంటే టార్చి వేసి లోపల చూడండి. చాలా ఇంజిన్లలో అక్కడి నుంచి వాల్వులను తెరిచే క్యామ్ గానీ రాకర్లు గానీ కనిపిస్తాయి. అవి కదలకపోతే బెల్ట్ పోయినట్టే. మీ బండికి 92 వేల కిలోమీటర్లు అన్నారు, 18 ఏళ్లు దాటాయి. బెల్ట్ ఎప్పుడు మార్చారో మీరు రాయలేదు. ఈ సమస్యకు కారణం అది కాకపోయినా, ఎప్పుడు మార్చారో నాన్నగారిని అడగండి. గుర్తులేదంటే మార్పించేయండి. రబ్బరు కిలోమీటర్లకే కాదు, ఏళ్లకు కూడా అరుగుతుంది.

మీటర్లో ఆర్‌పీఎం ముల్లు ఉన్న మోడల్ అయితే అదృష్టం. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆ ముల్లు రెండు మూడు వందల దగ్గర కొద్దిగానైనా అదరాలి. చాలా బండ్లలో ఆ ముల్లుకు లెక్క వచ్చేది క్రాంక్ సెన్సార్ సిగ్నల్ నుంచే. సున్నా మీద రాయిలా కూర్చుంటే నా అనుమానానికి సగం సాక్ష్యం దొరికినట్టే.

బ్యాటరీ కొత్తది కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. మల్టీమీటర్ పెట్టి ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉందా, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోకుండా ఉందా చూడండి. నాలుగు రోజులుగా తిప్పీ తిప్పీ కొత్త బ్యాటరీ కూడా నీరసించి ఉంటుంది. సెల్ఫ్ ఎలాగో తిరుగుతుంది గానీ వోల్టేజి బాగా పడిపోతే ఈసీఎం, కాయిల్ సరిగా పనిచేయవు, అప్పుడు మీరు చేసే టెస్టులన్నీ అబద్ధం చెబుతాయి. ముందు చార్జింగ్ పెట్టించండి. బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి, ఇంజిన్‌కు వెళ్లే ఎర్తింగ్ పట్టీని చేత్తో కదిపి చూడండి. పచ్చగా పాచి పట్టి ఉంటే విప్పి, గీకి, బిగించండి.

ఇప్పుడు అసలు పరీక్ష. స్పార్క్, పెట్రోల్ రెండూ ఒకే పూట చూడాలి. ఒకటి చూసి ఆపేయడం వల్లే మీ మెకానిక్ పంపు దగ్గర ఆగిపోయాడు.

స్పార్క్ చూడటానికి ఇంజిన్‌లో ఉన్న ప్లగ్గును విప్పకండి. విప్పితే ఆ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి బయటికి చిమ్ముతుంది, పక్కనే మీరు స్పార్క్ వేస్తారు. మా షెడ్డులో ఒక కుర్రాడి చెయ్యి అలాగే కాలింది. దాని బదులు, మీ మెకానిక్ తీసేసిన పాత ప్లగ్గులు ఉంటాయి కదా, వాటిలో ఒకటి తీసుకోండి. ప్లగ్గుకు కరెంటు తెచ్చే లావు వైరు, హెచ్‌టీ వైరు అంటాం, ఒకదాన్ని ఇంజిన్ ప్లగ్గు నుంచి లాగి ఈ పాత ప్లగ్గుకు తగిలించండి. ప్లగ్గు ఇనుప భాగాన్ని జంప్ కేబుల్‌తోనో గట్టి వైరుతోనో ఇంజిన్‌కు కట్టేయండి, చేత్తో పట్టుకోవద్దు. ఒకరు సెల్ఫ్ కొడితే నీలం రంగులో చిటపటమని స్పార్క్ పడాలి. పసుపుగా, ఎర్రగా, నీరసంగా పడితే కాయిల్, వైర్ల బలం తక్కువ. ఏమీ పడకపోతే స్పార్క్ లేనట్టే. వైరును గాలిలో వేలాడదీసి, దూరం నుంచి స్పార్క్ దూకించి చూపించే అలవాటు కొందరు పాత మెకానిక్‌లకు ఉంది. అంబాసిడర్‌కు అది చెల్లేది, ఇప్పటి బండ్లలో కాయిల్, ఈసీఎం కాలిపోవచ్చు.

తర్వాత పెట్రోల్. ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టి, కాసేపు ఆగి, ఇంజిన్‌లోని ఒక ప్లగ్గు విప్పి చూడండి. కొన తడిగా ఉండి పెట్రోల్ వాసన గుప్పుమంటే పెట్రోల్ వస్తోంది. పొడిగా, వాసన లేకుండా ఉంటే రావడం లేదు. షెడ్డులో అయితే ప్రెషర్ గేజ్ పెడతాం. ఈ తరం బండ్లలో లైనులో దాదాపు 3 బార్, ఆ పైన ప్రెషర్ ఉండాలి. అది లేనప్పుడు ప్లగ్గు వాసనే గేజ్.

ఇక్కడ దారులు చీలుతాయి. స్పార్క్ బలంగా ఉండి ప్లగ్గు పొడిగా ఉంటే, అప్పుడు పెట్రోల్ వైపు వెళ్లండి: పంపు ఫ్యూజు, రిలే, పంపు, ఫిల్టర్. పెట్రోల్ వస్తూ స్పార్క్ లేకపోతే కాయిల్, దాని వైరు ప్లగ్, దాని ఫ్యూజు. రెండూ లేకపోతే? పంపూ కాయిలూ ఒకే రోజు మాట్లాడుకుని చచ్చిపోవు. రెండింటికీ పైన ఉన్నదేదో పోయింది. అది క్రాంక్ సెన్సార్ కావచ్చు, దాని వైరు కావచ్చు, ఈసీఎంకు కరెంటు ఇచ్చే మెయిన్ రిలే కావచ్చు, ఇమొబిలైజర్ కావచ్చు. మీ మెకానిక్ పెట్రోల్ రావడం లేదని చెప్పాడు గానీ స్పార్క్ చూశాడో లేదో మీరు రాయలేదు. నాకు కావాల్సిన ఒక్క జవాబు అదే.

రెండూ లేవని తేలినా పంపు మీద అనుమానం వదలకపోతే, పంపునే నేరుగా అడగండి. వెనక సీటు ఎత్తితే కింద మూత ఉంటుంది, దాని కింద పంపు వైరు ప్లగ్ కనిపిస్తుంది. ప్లగ్ ఊడదీసి, పంపు మోటారుకు వెళ్లే రెండు పిన్నులకు బ్యాటరీ నుంచి ఫ్యూజు ఉన్న వైరుతో 12 వోల్టులు ఇవ్వాలి. ఏ పిన్ను పంపుదో, ఏది పెట్రోల్ ముల్లు ఫ్లోటుదో తెలిసినవాళ్లే చేయాలి. అక్కడ పెట్రోల్ ఆవిరి ఉంటుంది కాబట్టి తలుపులన్నీ తీసి ఉంచాలి, చివరి కనెక్షన్ పంపు దగ్గర కాకుండా బ్యాటరీ దగ్గర కలపాలి, నిప్పురవ్వ అక్కడే పడుతుంది. పంపు "జుయ్" మని తిరిగితే దాని మోటారు బాగున్నట్టే. ఈ పని మీరు సొంతంగా చేయకండి, మెకానిక్‌తో చేయించండి, పక్కన నిలబడి వినండి.

క్రాంక్ సెన్సార్ బండిని బట్టి ఇంజిన్ బ్లాకుకో గేర్‌బాక్స్ కవరుకో కింది వైపు బిగించి ఉంటుంది. ఇది చాలా బండ్లలో ఒక చిన్న అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టిన ముక్క. ముందు నుంచి పళ్ల చక్రం తిరుగుతుంటే ఒక్కో పన్ను దాటినప్పుడల్లా తీగలో చిన్న కరెంటు పుడుతుంది. ఇరవై ఏళ్లు ఇంజిన్ వేడికి ఉడికాక లోపల ఎక్కడో తీగ తెగుతుంది. చల్లగా ఉన్నప్పుడు తెగిన కొనలు ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. వేడెక్కితే వ్యాకోచించి విడిపోతాయి. ఆపిన తర్వాతే ఎందుకు మొండికేస్తుందంటే, బండి నడుస్తున్నంతసేపు ఫ్యాను, ఎదురుగాలి బానెట్ కింద వేడిని లాగేస్తాయి. టీకి ఆపిన పది నిమిషాల్లో గాలి ఉండదు, ఇంజిన్ వేడంతా చుట్టూ ఉన్న పార్టుల్లోకి ఎక్కుతుంది. మన మే నెల రోడ్డు వేడి దానికి తోడు. కొన్నాళ్లకు ఆ కొనలు చల్లగా ఉన్నా కలవడం మానేస్తాయి. మీ బండి ఇప్పుడు ఆ దశలో ఉందని నా అనుమానం.

దాన్ని తేల్చడం కష్టం కాదు. రెండు వైర్ల సెన్సార్ అయితే దాని వైరు ప్లగ్ ఊడదీసి మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో, అంటే తీగ అడ్డు కొలిచే గుర్తు మీద, పెట్టి చూడండి. ఏదో ఒక లెక్క, వందల్లోనో వెయ్యి చుట్టుపక్కలో, కదలకుండా చూపించాలి. అసలు రీడింగ్ రాకపోతే తీగ తెగింది. రీడింగ్ వస్తే నిర్దోషి అని వదిలేయకండి. సెన్సార్ విప్పి, ఆడపిల్లలు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో బాగా వేడిచేస్తూ మీటర్ చూడండి. వేడెక్కగానే రీడింగ్ మాయమైతే దొంగ దొరికినట్టే. మూడు వైర్ల రకం అయితే ఓమ్స్ టెస్ట్ పనికిరాదు, ఈసీఎంను చదివే స్కానర్ పెట్టాల్సిందే. స్కానర్ పెట్టినప్పుడు కోడ్ కోసం మాత్రమే చూడొద్దు. క్రాంక్ సెన్సార్ తప్పును చెప్పే పీ0335 వస్తే మంచిదే, కానీ చాలాసార్లు సెన్సార్ చచ్చినా కోడ్ పడదు. లైవ్ డేటా తెరిచి, సెల్ఫ్ తిరుగుతుండగా ఆర్‌పీఎం ఎంత చూపిస్తోందో చూడమనండి. సెల్ఫ్ తిరుగుతోంది, స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిపే చవక పరికరాలు 2010కి ముందు బండ్లతో చాలాసార్లు మాట్లాడవు, షెడ్డులో వాడే స్కానరే కావాలి.

సెన్సార్ విప్పిన చేత్తో దాని మొన తుడవండి, అయస్కాంతం కాబట్టి ఇనుప పొడి పేరుకుని ఉంటుంది. ప్లగ్ పిన్నులు, వైరు కూడా చూడండి. బండి నాలుగు రోజులుగా నిలబడి ఉంది అన్నారు. ఇంటి ముందు చెట్టు కిందో, పక్కన బియ్యం బస్తాలు పెట్టే గదో ఉంటే ఎలుకల్ని మరచిపోవద్దు. నా దగ్గరికి వచ్చే "ఉన్నట్టుండి స్టార్ట్ కావడం లేదు" కేసుల్లో ఎలుకలు కొరికిన వైర్లు తక్కువేమీ కావు. మొదట వేడి సమస్య ఒకటి ఉండి, నిలబెట్టాక ఎలుకలు ఇంకొకటి తెచ్చిపెట్టడం కూడా జరుగుతుంది. అందుకే సెన్సార్ కొత్తది వేసినా స్టార్ట్ కాకపోతే నేను తప్పు చెప్పానని అనుకోకుండా, సెన్సార్ నుంచి ఈసీఎం దాకా వైరు తెగకుండా ఉందేమో చూడమనండి.

ఈలోగా ఒక పని ఆపేయాలి. ఒకేసారి అరనిమిషం, నిమిషం సెల్ఫ్ కొట్టడం. పది సెకన్లకు మించి కొట్టకండి, తర్వాత కనీసం ఒక నిమిషం ఆగండి. సెల్ఫ్ మోటారు కాలిపోతే మీకు రెండు సమస్యలు అవుతాయి. పెట్రోల్ వస్తూ స్పార్క్ లేని బండిలో అయితే ఆ పెట్రోలంతా కాలకుండా సైలెన్సర్‌లోకి వెళ్లి, పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. ప్లగ్గులు తడిసిపోయాయని అనిపిస్తే యాక్సిలరేటర్ పూర్తిగా కింది దాకా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. చాలా ఎంపీఎఫ్ఐ బండ్లలో అలా తొక్కితే ఈసీఎం పెట్రోల్ ఆపేసి గాలి మాత్రమే పంపుతుంది, లోపలిది ఆరిపోతుంది. నలుగురితో తోయించకండి. సెల్ఫ్ బాగా తిరుగుతున్నప్పుడు తోయడం వల్ల కొత్తగా వచ్చేదేమీ లేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి లోపల పెట్రోల్ పోసి స్టార్ట్ చేద్దామని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోకండి. ఆ పనితో బానెట్ కింద మంట లేవడం నేను చూశాను.

మీ నాన్నగారి స్నేహితులు ఒకరు "ఇది ఎయిర్ లాక్, పంపు మీద తడిగుడ్డ వెయ్యి" అన్నారని కూడా రాశారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు, కాకపోతే అది వేరే బండి నిజం. కార్బొరేటర్ ఉన్న అంబాసిడర్, పద్మిని, పాత మారుతి 800లలో పంపు ఇంజిన్ పక్కనే బిగించి ఉండేది, లోపల డయాఫ్రమ్ అనే పలచటి పొర ఊగుతూ పెట్రోల్‌ను ట్యాంకు నుంచి పీల్చేది. బంగారుపాళెం దాటి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఎండాకాలం ఆ పైపుల్లో పెట్రోల్ ఆవిరైపోయేది. ఆవిరిని ఆ పంపు పీల్చలేదు. డ్రైవర్లు పక్కన ఆపి, పంపు మీద తడిగుడ్డ చుట్టి, బీడీ కాల్చుకునేంతసేపు దూరంగా కూర్చుని బయల్దేరేవాళ్లు. మీ శాంత్రోలో పంపు ట్యాంకులో పెట్రోల్‌లోనే మునిగి ఉంటుంది, లైను అంతా ప్రెషర్‌లో ఉంటుంది. అక్కడ ఎయిర్ లాక్ అరుదు. అయితే ఆ తడిగుడ్డ మీకు ఇంకోచోట పనికొస్తుంది. మళ్లీ ఎప్పుడైనా దారిలో వేడి మీద ఆగిపోతే, చెయ్యి కాలకుండా చూసుకుని ఆ గుడ్డను క్రాంక్ సెన్సార్ మీద అద్ది ఐదు నిమిషాలు ఆగండి. స్టార్ట్ అయితే ఇంటికి చేరతారు, ఏది పోయిందో కూడా తెలుస్తుంది. బకెట్‌తో నీళ్లు మాత్రం ఇంజిన్ మీద గుమ్మరించకండి.

కార్బొరేటర్ బండి ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ల కోసం రెండు మాటలు. మన దగ్గర నవంబర్, డిసెంబర్ వానల్లో తెల్లవారుజామున స్టార్ట్ కాకపోతే ముందు ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపల చెమ్మ తుడవండి, సగం బండ్లు అక్కడితో లేస్తాయి. నెలల తరబడి నిలబడిన బండి అయితే ట్యాంకులో ఉన్న పాత పెట్రోల్ దించేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను, డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది.

మెకానిక్‌తో ఎలా మాట్లాడాలో కూడా చెబుతాను. "నీకు తెలియదు, తిరుపతిలో ఒకాయన సెన్సార్ అన్నాడు" అని మొదలుపెట్టకండి. ఎండలో మీ ఇంటికి రెండుసార్లు వచ్చిన మనిషి, అతనికీ రోషం ఉంటుంది. "అన్నా, పంపు కొనే ముందు ఒక్కసారి స్పార్క్ చూద్దాం, పంపుకు డైరెక్ట్‌గా కరెంటు ఇచ్చి చూద్దాం" అనండి. మంచి మెకానిక్ అయితే ఆ రెండు టెస్టులయ్యేసరికి తనే సెన్సార్ పేరెత్తుతాడు. అసలు చూడనని, పంపే మార్చాలని పట్టుబడితే అప్పుడు ఇంకొకరిని పిలవండి. చూసినందుకు అతని కూలి మాత్రం ఇచ్చి పంపండి.

సెన్సార్ మార్చాల్సి వస్తే కంపెనీ స్పేర్ దొరికేదాకా ఒకటి రెండు రోజులు ఆగినా పర్వాలేదు. మరీ చవక రకాలు కొన్ని బిగించిన నెలకే మళ్లీ వేడి మీద మొండికేస్తాయి. పాతదాన్ని పారేయకుండా ఇంటికి తెచ్చుకోండి, డ్రయ్యర్ టెస్ట్ దాని మీద చేసి చూస్తే మనసుకు నెమ్మది.

బిగించాక పొద్దున చల్లటి పూట స్టార్ట్ అయిందని పూర్తి డబ్బు ఇచ్చి పంపేయకండి. చల్లగా ఉన్నప్పుడు మీ బండి మొదట్లోనూ స్టార్ట్ అయ్యేది. మధ్యాహ్నం రెండు గంటలకు ఏసీ వేసుకుని కాణిపాకం దాకా వెళ్లండి. ఎండలోనే ఆపి, తాళం తీసి, పూతలపట్టులో తాగినట్టే ఒక టీ తాగి, పది పదిహేను నిమిషాల తర్వాత తిప్పండి. అక్కడ మొదటి తిప్పుకే అందుకుంటే వరసగా ఇంకో రెండు మధ్యాహ్నాలు అలాగే చేయండి. అందుకోకపోతే ఆ క్షణంలోనే, ఇంజిన్ వేడిగా ఉండగానే, స్పార్క్ ఉందా లేదా చూసి నాకు రాయండి. చల్లారాక చేసిన టెస్టు నాకు పనికిరాదు.